మరియమ్మ వద్దన్న వేప మొక్క

ఈ రోజు తాండూరులో మా స్వచ్ఛంద సంస్థ తరఫున ఇంటికో మొక్క నాటుతూ తిరిగాం. నాపరాయి పాలిషింగ్ దుమ్ముకు అక్కడ ఆకులు కూడా తెల్లగా ఉంటాయి, అందుకే అందరూ సంతోషంగా నాటించుకున్నారు. మరియమ్మ ఒక్కతే వద్దంది. ఆమెది దగ్గర్లోని యాలాల్ ఊరు. పాలిషింగ్ పని చేస్తూ ఇక్కడ అద్దెకు ఉంటోంది.

"ఎందుకక్కా, నీడ వస్తది గదా?" అన్నాను.

"నీడ వచ్చెదాంక మమ్ముల ఉండనిస్తరా మేడం? పోయినింట్ల జామచెట్టు పెట్టిన. కాయ పట్టంగనే ఖాళీ చెయ్యమన్నరు. గీ ఓనర్ గూడ పొద్దుగాల ఫోన్ జేసిండు, నెలాఖరుకు పోవాల్నంట. గా మొక్క బకెట్ల పెట్టియ్యుండ్రి, తీస్కపోత."

"వేప బకెట్ల బతకదక్కా."

"అయితే జర పెద్దది తెస్త," అని లోపలికి వెళ్లి పాత పెయింట్ డబ్బా పట్టుకొచ్చింది.

అందులోనే మట్టి నింపి మొక్క పెట్టాను. అద్దె సమస్యలు చూసే మనిషి మా ఆఫీసులో శనివారం ఉంటాడని చెబితే, "శనివారం డ్యూటీ ఉంటది మేడం" అంది. అప్పుడే అతనికి ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాను. ఓనర్‌తో మాట్లాడి చూస్తానన్నాడు, అంతకు మించి మాటివ్వలేదు.

ఇంటికొచ్చినా మనసు కుదురుగా లేదు. మొక్కలకో రోజు, అద్దెవాళ్లకో రోజు పెట్టుకున్న మాకు, ఈ రెండూ ఒకే ఇంటి సంగతులని ఇన్నాళ్లూ తోచలేదు. అద్దె ఇంట్లో చెట్టు పెంచి వదిలి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. దాన్ని మళ్లీ చూడడానికి వెళ్లారా?