బండి యాడ పెట్టేదబ్బయా

ఆ రోజుల్లో మోటారు సైకిలు కోసం కలలు కన్న కుర్రాళ్ళలో దాన్ని ఎక్కడ ఆపాలో ఆలోచించినవాడు ఒక్కడూ ఉండడు. నేనైతే ఆలోచించలేదు. కలలో బండి ఎప్పుడూ పోతూనే ఉంటుంది. జుట్టు వెనక్కి ఎగురుతూ ఉంటుంది, రోడ్డు పక్కన జనం తలలు తిప్పి చూస్తూ ఉంటారు. దిగి, స్టాండు వేసి, తాళం జేబులో వేసుకునే ఘట్టం ఏ కలలోనూ రాదు. (వచ్చి ఉంటే నేను హాయిగా బడిపంతులు ఉద్యోగంలో చేరి ఉండేవాణ్ణి.) ఇప్పటికీ ఎవరైనా కుర్రాడు కొత్త బండి తుడుచుకుంటూ కనిపిస్తే నాకు అసూయ కలగదు. నడుము నొప్పి గుర్తుకొస్తుంది.

అరవైల మొదట్లో నాకు మద్రాసు కంపెనీ ఒకదానిలో నైలాను దారం అమ్మే ఉద్యోగం దొరికింది. అప్పటిదాకా మా తీరంలో నూలు వలలే. మైపాడు నుంచి వాకాడు దాకా పల్లెలన్నీ తిరిగి, నైలాను వల నీళ్ళలో నానినా కుళ్ళదని జాలర్లను నమ్మించడం, ఆ తర్వాత నెల్లూరు పెద్ద బజారులోని దారం కొట్లవాళ్ళ చేత సరుకు తెప్పించడం నా పని. అందుకోసం కంపెనీ ఒక మోటారు సైకిలిచ్చింది. ట్యాంకు మీద కంపెనీ పేరు ఎర్రటి అక్షరాలతో రాసి ఉండేది.

ఆ బండే నాకు పెళ్ళి కూడా కుదిర్చింది. మా చిన్నాన్న నెల్లూరు మూలాపేటలో ఒక సంబంధం చూసి, "మోటారు సైకిలుండే పిల్లోడు" అని ఒక్క మాట చెప్పాడు. అంతే, నా చదువు గురించీ మా పొలం గురించీ వాళ్ళింకేమీ అడగలేదు. పెళ్ళిచూపులకు నేను మైపాడు రోడ్డు మీద నుంచి నేరుగా వెళ్ళాను. ముఖమంతా దుమ్ము, చలవ కళ్ళద్దాలున్న చోట మాత్రం రెండు శుభ్రమైన గుండ్రాలు. కాఫీ తెచ్చిన అమ్మాయి నన్ను ఒక్కసారి చూసి, గ్లాసు పెట్టేసి గబగబా లోపలికి పోయింది. లోపలి నుంచి ఆపుకోలేని నవ్వు వినిపించింది. ఇంకో సంబంధం చూడొద్దని ఆ సాయంత్రమే చిన్నాన్నతో చెప్పేశాను. శ్రావణంలో ముహూర్తం పెట్టారు. కాబోయే మామగారు కనిపించిన ప్రతివాడితోనూ "మా అల్లుడికి మోటారు సైకిలుండాది" అని చెప్పుకు తిరుగుతున్నాడని నాకు కబురు అందుతూనే ఉండేది. అంచేత ఆ బండి క్షేమంగా ఉండటం నాకు ఉద్యోగం కన్నా పెద్ద విషయమైపోయింది.

పల్లెల్లో దాంతో ఏ బాధా లేదు. సముద్రపు ఒడ్డున ఎక్కడ ఆపినా అడిగేవాడు లేడు. స్టాండు ఇసుకలో దిగబడుతుంటే ఎవరో ఒకరు చెక్కముక్క తెచ్చి కింద వేసేవాళ్ళు. బాధంతా నెల్లూరులోనే. పెద్ద బజారులో పొద్దున్నే ఏ కొట్టు ముందు ఆపినా లోపలి నుంచి ఒకటే మాట: "అబ్బయా, ఇంకా బోణీ కాలా. బండి అడ్డం తియ్యి." బోణీ నేనే చేస్తే బండి ఉండనిస్తారని కొన్నాళ్ళకు కనిపెట్టాను. దాంతో నా గదిలో చీపురుకట్టలు, కొబ్బరితాళ్ళు, హారతి కర్పూరం, ఒక ఇత్తడి గంట పోగయ్యాయి. (గంట ఎందుకని మా గది యజమాని అడిగితే భక్తి అని చెప్పాను.) బోణీల వేళ దాటితే బియ్యం బస్తాల బండ్లు వచ్చేవి. అవి పోతే జట్కాలు. ఎలాగో ఒక సందు చూసి బండి ఇరికించి పని మీద వెళ్ళి వచ్చేసరికి దాని మీద ఎవరో ఒకరు కాపురం ఉండేవాళ్ళు. ఒకసారి జట్కావాడు గుర్రాన్ని నా హ్యాండిలుకు కట్టి భోజనానికి పోయాడు. ఇంకోసారి ములక్కాయలమ్మే ఆమె సీటు మీద గోనెపట్టా పరిచి, కట్టలు పేర్చి బేరం చేస్తోంది. తీయమన్నాను.

"బేరం జరగతా ఉంటే తియ్యమంటావేంది నాయనా? పొయ్యి కాపీ తాగి రాపో," అంది ఆమె.

వెళ్ళి కాఫీ తాగాను. ఏం చేయను?

ఏడాది తిరిగేసరికి నాకు కొట్లవాళ్ళతో మాట్లాడే ఓపిక కూడా పోయింది. వాళ్ళు దారం సంగతి అడుగుతుంటే నా చెవులు బయట బండి పడిన చప్పుడు కోసం కాచుకుని ఉండేవి. చివరికి ట్రంకు రోడ్డు మీద, ఊరి చివర, ఒక కట్టెల అడితి కనిపించింది. బోలెడంత చోటు, పైన రేకుల నీడ. అడితి యజమానిని అడిగితే, అడిగిందే తడవుగా, "పెట్టుకో అబ్బయా, నీ ఇల్లే అనుకో," అన్నాడు. నెల్లూరులో ఆ మాట విని నాకు కళ్ళు చెమర్చాయి. పక్కనే అద్దె సైకిళ్ళ కొట్టు. రోజూ మోటారు సైకిలు అడితిలో పెట్టి, అద్దె సైకిలు తీసుకుని, దారం నమూనాల సంచీ తగిలించుకుని బజారుకు తొక్కడం మొదలుపెట్టాను. మోటారు సైకిలున్న పెళ్ళికొడుకు అద్దె సైకిలు తొక్కుతుంటే మూలాపేటవాళ్ళు చూడకుండా ఉండాలని దేవుడికి మొక్కుకునేవాణ్ణి. (గంట ఉంది కదా.)

అడితాయన దయకు కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. ఎండ తగలకుండా అని ఆయన ట్యాంకు మీద గోనెసంచి కప్పి, కట్టెలకు వచ్చినవాళ్ళందరికీ ఆ బండి తనదేనని చెప్పుకుంటున్నాడు. దాని వల్ల తన మాటకు బజారులో విలువ పెరిగిందని తర్వాత ఆయనే నాతో అన్నాడు.

ఆషాఢంలో ఒక పొద్దున మా మేనేజరుగారు మద్రాసు నుంచి చెప్పాపెట్టకుండా కారులో దిగారు. ట్రంకు రోడ్డు మీద వస్తూ అడితిలో బండిని చూసి ఆగారట. గోనె ఎత్తి చూస్తే కంపెనీ పేరు. ఎవరిదీ బండి అని అడితాయన్ని అడిగారు.

"నాదే సామీ," అన్నాడు ఆయన.

"మరి ఈ పేరేమిటి?"

"అది చెరిపించాల సామీ. ఇంకా తీరిక దొరకలా."

ఆ తర్వాత మేనేజరుగారు పెద్ద బజారులో అడుగుపెట్టేసరికి నేను అద్దె సైకిలు మీద, చెమటలు కారుతూ, ఎదురొచ్చాను. ఆయన మనసులో లెక్క ఎలా కుదిరి ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను కంపెనీ బండి అమ్ముకుని సైకిలు తొక్కుతున్నానని ఆయన తేల్చేసుకున్నారు. పోలీసు స్టేషను ఎటువైపు అని నన్నే అడిగారు. నేను ఆయన్ని అడితికి తీసుకెళ్ళాను. బండి నాదేనని చెప్పమని అడితాయన్ని బతిమాలాను. కట్టెలు కొనడానికి వచ్చిన నలుగురు అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ళనీ నన్నూ మార్చి మార్చి చూసి, గొంతు బాగా తగ్గించి, "బండి ఆ అబ్బయదే సామీ, నేను చూసుకుంటా ఉండా," అన్నాడు. పాపం, ఆ ఒక్క మాటకు ఆయన ముఖం చిన్నదైపోయింది.

మేనేజరుగారికి కోపం తగ్గింది కానీ నమ్మకం కుదరలేదు. "ఊళ్ళో బండి పెట్టడానికి చోటు లేదనేవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా. మద్రాసులో లేని రద్దీయా? ఎక్కు వెనక, నేను చూపిస్తా," అన్నారు. నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను.

పాత్రల కొట్టు ముందు ఆపారు. బోణీ కాలేదన్నారు. బియ్యం మండీ ముందు ఆపారు. హమాలీ ఒకడు బస్తా వీపున మోస్తూనే, "తియ్యి సామీ, కాళ్ళమీద పడతాది," అన్నాడు. టిఫిను హోటలు ముందు ఆపితే, తినేవాళ్ళయితేనే ఆపాలన్నారు. సరేనని ఇద్దరం ఇడ్లీ తిన్నాం. బయటికొచ్చేసరికి బండికి అటొకటి ఇటొకటి రెండు ఎడ్లు కట్టేసి ఉన్నాయి. ఎడ్లవాడు లేడు. అవి గడ్డి తినడం పూర్తయ్యేదాకా మేనేజరుగారు మద్రాసులో వీధులు ఎంత వెడల్పో నాకు చెప్పారు. ఎండ నెత్తికెక్కింది. చివరికి దారం కొట్టుకు కాస్త దూరంలో బండి ఆపి, కిందికి దిగకుండానే, "నువ్వెళ్ళి మాట్లాడి రా, నేనిక్కడే ఉంటా," అన్నారు.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన ఒళ్ళో పూలబుట్ట ఉంది. పూలమ్మి చూస్తూ ఉండమని చెప్పి ఎటో పోయిందట.

"ఎప్పుడొస్తుందట సార్?" అన్నాను.

"చెప్పలేదయ్యా," అన్నారు ఆయన. ఆ గొంతులో నా ఏడాది అలసటంతా ఒక్క పూటలో చేరిపోయింది.

ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. కానీ బండి కాకినాడవైపు తిరిగే అతనికి ఇచ్చేస్తామనీ, నాకు సైకిలు చాలనీ చెప్పి, మర్నాడే దాన్ని రైలెక్కించేశారు. గూడ్సు పెట్టె తలుపు మూసేటప్పుడు నాకు మొదట ప్రాణం తేలికపడింది. స్టేషను మెట్లు దిగాక మూలాపేట గుర్తొచ్చింది.

దాచి ఉంచితే ముహూర్తం దాకా దాగదు. వాళ్ళు నాకు పిల్లనిస్తామన్నది బండిని చూసి. ఆ మాట నేనే వెళ్ళి చెప్పడం మర్యాద అనుకున్నాను. సాయంత్రం నడిచి బయల్దేరాను. దారి పొడుగునా, కాదంటే చిన్నాన్నకు ఏం చెప్పాలో అనుకున్నానే గానీ, ఆ అమ్మాయి కాదంటే నాకు నేను ఏం చెప్పుకోవాలో తోచలేదు. ఆ నవ్వు ఇంకొకరింట్లో వినిపిస్తుందన్న ఆలోచన వస్తే ఏడుపొచ్చినంత పనైంది.

వాళ్ళ సందు మలుపు తిరగ్గానే ఎర్రటి ఇటుకదుమ్ము కనిపించింది. ఇంటి ముందు అరుగు సగం లేదు. పగలగొట్టిన ఇటుకలు గోడవారగా కుప్పపోసి ఉన్నాయి. కాబోయే మామగారు పంచె ఎగగట్టి, వెదురుకర్రతో నేల కొలుస్తున్నారు. రోజూ సాయంత్రం ఆ అరుగు మీద కూర్చునే ఆయన తల్లి, ఇంట్లో అందరికీ జేజి, గడప లోపల పీట మీద ముడుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మామగారి ముఖం వెలిగిపోయింది.

"రా అబ్బయా, మంచి సమయానికొచ్చినావు. ఈ చోటు సరిపోతాదా చూడు. సందు ఇరుకు గదా, నువ్వొస్తే బండి యాడ పెడతావని నిద్ర పట్టలా నాకు. ఈ పొద్దే కొట్టించినా."

"ఆషాఢంలో పని పెట్టినారా అండీ?" అన్నాను.

"కట్టడానికి మంచిరోజు చూడాల గానీ పగలగొట్టడానికెందుకు? అది సరే, బండి యాడ?"

నెల్లూరులో జానెడు చోటు ఇచ్చే మనిషి లేడని ఏడాదిగా ఊరిని తిట్టుకుంటున్నాను. అడగకుండానే ఒకాయన తల్లి కూర్చునే అరుగు పగలగొట్టి నా కోసం నిలబడి ఉన్నాడు. ఎలాగో చెప్పాను. కంపెనీవాళ్ళు బండి తీసుకున్నారనీ, ఇంక రాదనీ, నాకు సైకిలేననీ. ఆయన చేతిలో కర్రతోనే ఇటుకల కుప్ప మీద కూలబడ్డారు.

"ఈ మాట పొద్దున చెప్పుంటే..." అన్నారు, మిగిలిన సగం అరుగును చూస్తూ.

లోపలి నుంచి జేజి, "ఏందంటా ఉండాడు?" అంది.

"బండి లేదంటమ్మా."

"పిల్లోడుండాడా?"

మామగారు తల తిప్పి నన్ను చూశారు. "ఉండాడు."

"చాల్లే. దుమ్ములో నిలబెట్టినావెందుకు, లోపలికి రమ్మను."

పెళ్ళి శ్రావణంలోనే, అరుగు సగం లేని ఇంట్లోనే జరిగింది. వచ్చినవాళ్ళంతా ఆ సగం ఏమైందని అడగడం, మామగారు నీళ్ళు నమలడం, నేను తలంబ్రాల పళ్ళెంలోకి చూస్తూ ఉండటం, నా పక్కన కూర్చున్న పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక వణికిపోవడం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. మేస్త్రీ వచ్చాక జేజి దగ్గరుండి అరుగు కట్టించింది. పాతదాని కన్నా మూరెడు పొడుగు పెంచమంది. ఎందుకంటే, అల్లుడు కూడా కూర్చోవాలంది. ఆమె ఉన్నన్నాళ్ళూ, సైకిలు గోడకి చేర్చి, సాయంత్రాలు ఆమె పక్కనే కూర్చున్నాను. బండి లేకపోతే తనకి విలువ లేదనుకుని దారి పొడుగునా ఏడుపుముఖంతో నడిచి వచ్చిన ఆ దారం కుర్రాణ్ణి తలుచుకుంటే, వాణ్ణి ఒకసారి వెనక నుంచి పిలిచి, కంగారు పడకురా, నీకు చోటుంది అని చెప్పాలనిపిస్తుంది.