నేను చంపిన పొణికి చెట్లు

మాది ఉయ్యూరు పక్క పల్లె. చెరకు, వరి, అరటి. మా ఇళ్లలో పైరు ఎండిందంటే చచ్చిందనే అర్థం. పచ్చగా లేనిదాన్ని పీకి గట్టు మీద పారేస్తాం. ఇరవయ్యేళ్లుగా విజయవాడలో వృక్షశాస్త్రం చెబుతున్నాను, చెట్టు ఆకు ఎందుకు రాలుస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. అయినా నా కంటికి మాత్రం ఆ పొలం బుద్ధే మిగిలింది.

కొన్నేళ్ల కిందట క్వారీ వాళ్ల తరఫున ఒక కన్సల్టెంటు మా కాలేజీకి వచ్చాడు. కొండపల్లి దగ్గర రిజర్వు ఫారెస్టులో ఒక వాలును అడవి హద్దుల్లోంచి తప్పించి కంకర క్వారీకి ఇచ్చే ప్రతిపాదన నడుస్తోంది, అక్కడ ఏమేం చెట్లున్నాయో నివేదిక కావాలన్నాడు. మాఘమాసం చివర ఒక పూట వెళ్లాను. వాలంతా బూడిదరంగు మానులు, ఒక్క ఆకు లేదు. సగం ఎక్కి, ఆయాసం వచ్చి, మిగతాది అక్కణ్ణుంచే చూశాను. ‘ఎక్కువ భాగం ఎండిపోయిన చెట్లు. అడవిగా చెప్పుకోదగ్గ విలువ లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

దాన్ని పంచాయతీ ఆఫీసు బోర్డుకి అంటించారు. నాలుగో రోజున ఒక పెద్దాయన బస్సెక్కి మా కాలేజీకి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, కొండపల్లిలో కొయ్యబొమ్మలు చేస్తారు. చెప్పులు గది బయటే విడిచి లోపలికి వచ్చారు.

“అమ్మా, మీరు రాసింది చదివానండి. అవి పొణికి చెట్లండి. చావలేదండి. చలికాలంలో ఆకు రాల్చేసి, వానలు పడ్డాక మళ్లీ చిగురేస్తాయి.”

కొండపల్లి బొమ్మలన్నీ ఆ తెల్ల పొణికి చెక్కతోనే చేస్తారు. అంత తేలిక, అంత మెత్తన ఇంకే చెక్కకీ లేదు. నాకది తెలుసు, కాకపోతే ల్యాబులో అట్టకు అంటించిన ఎండుటాకుగా తెలుసు! అయినా కోపం నా ముక్కు మీదే ఉంటుంది కదా, ఒళ్లు మండింది.

“ఇరవయ్యేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నానండీ. నాకు నేర్పడానికొచ్చారా?” అన్నాను.

“అయ్యో, అంత మాటెందుకమ్మా. ఒక్కసారి వచ్చి చూడండి. బుధవారం ఊళ్లో ఆ క్వారీ మీద విచారణంట. ఆ వాలు పోతే మా వాళ్లకి చెక్కెక్కడిదండి?”

ఆదివారం వెళ్లాను. ఆయనదే తప్పని తేల్చాలనే వెళ్లాను, అబద్ధమెందుకు. ఆయన ఆగకుండా ఎక్కేస్తుంటే నేను వెనకాల రొప్పుతూ నడిచాను. ఒక మాను దగ్గర ఆగి, చాకు మొనతో వేలి గోరంత బెరడు గీశారు. లోపల పచ్చగా, తడిగా ఉంది. కొమ్మల చివర రెండు రెక్కల కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటిని చూడకుండా ఎలా సంతకం పెట్టానో!

ఆయన జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. బొమ్మల అతుకులు పూడ్చేది. దాన్ని ఆ గీతలో నింపి బొటనవేలితో నున్నగా అదిమారు. అలా ఏడు మానులు చూపించారు, ఏడింటికీ పూశారు.

“అంత చిన్న గాయం చెట్టే మాన్పుకుంటుందండీ,” అన్నాను.

“తెలుసమ్మా. గీసింది నేను కదా,” అన్నారు.

ఎంతమంది పెద్దవాళ్ల దగ్గర చదువుకున్నాను! చెట్టుతో ఇంత మర్యాదగా ఉన్న మనిషిని మాత్రం అప్పుడే చూశాను.

బుధవారం షామియానా కింద విచారణ జరిగింది. అధికారి నా నివేదిక చదివారు. పెద్దాయన లేచారు. నేను మూడో వరసలో కూర్చున్నానని ఆయనకు తెలుసు. నా వైపు చూడనైనా లేదు.

“సార్, ఆ రిపోర్టు రాసినావిడ చదువుకున్న మనిషండి. ఆవిడ చూసిన రోజున చెట్టుకి ఆకు లేదు, అంతే. వానలు పడ్డాక ఇంకోసారి చూడమనండి.”

పక్కనున్న కన్సల్టెంటు “మేడం, మీరు మాట్లాడకండి” అని గొణుగుతున్నాడు. ఇక కూర్చోలేకపోయాను.

“రాసింది నేనేనండీ. తప్పు రాశాను. అవన్నీ బతికున్న చెట్లు,” అన్నాను. అధికారి రాసుకుంటామన్నారు. మర్నాడు సవరణ కూడా రాతపూర్వకంగా పంపాను.

వానాకాలం రాకముందే ఉత్తర్వు వచ్చింది. పై సగం అడవిగానే ఉంచి, కింద సగం తప్పించారు. అందులో నా సవరణ ఊసే లేదు. ‘ఎక్కువ భాగం ఎండిపోయిన చెట్లు’ అన్న నా మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఇప్పుడక్కడ లారీలు తిరుగుతున్నాయి. వానొస్తే ఎర్రమట్టి కింది ఇళ్లలోకి దిగుతోంది. చెక్క కోసం వాళ్లు ఎక్కడెక్కడికో పోవాల్సి వస్తోంది.

ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ కాగితం నేనే తీసుకెళ్లి పెద్దాయనకిచ్చాను. ఉలి పక్కన పెట్టి రెండుసార్లు చదివారు. నాకు ఏడుపు ఆగలేదు.

“ఊరుకోండమ్మా. మీరు లేచి చెప్పబట్టే ఆ పై సగమైనా మిగిలింది,” అన్నారు.

అది నిజమో కాదో నాకు తెలియదు. కింద సగం ఎవరి వల్ల పోయిందో మాత్రం మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఆయన ఇంతవరకూ అనలేదు.