తమ్ముడి గుడ్డు

తమ్ముణ్ణి చూస్తే దేముడమ్మకి కళ్లు కుట్టేవి. తోడబుట్టినవాడి మీద అసూయేమిటమ్మా అంటారా? తోడబుట్టినవాడు గనకే మరీను! పరాయివాడు తింటే ఎవరికి నొప్పి?

ఇద్దరూ నది ఒడ్డున దలాలో ఒకే చూరు కింద పుట్టారు. ఆమె పుట్టిన ఏడు బియ్యం కరువు, తండ్రికి రేవులో పని లేదు. పిల్ల గంజినీళ్ల మీద పెరిగింది. నాలుగేళ్లకి సూరి పుట్టేసరికి తండ్రికి పని దొరికింది. మగపిల్లాడని వాడికి రోజూ ఒక గుడ్డు ఉడికేది. పెంకు ఒలవడం అక్క పని. ఒలిచి వాడి నోట్లో పెట్టి, తన వేళ్లు నాక్కునేది.

ఇప్పుడామెకి యాభై దాటాయి. మనిషి చూస్తే వెదురుబద్ద, ఒంట్లో చూస్తే షుగరు, బీపీ. సూరి మాత్రం నది అవతల లత పేటలో ఇనపసామాన్ల కొట్టు పెట్టుకుని, నూనెలో వేగిన ఈచాక్వే పిండికాడలు పాలటీలో ముంచుకు తింటాడు. వాడి రక్తంలో ఏ దోషమూ లేదట. పెట్టిపుట్టాడు మహానుభావుడు!

మొన్న డాక్టరమ్మ ఆమె చిన్నతనం గురించి అడిగింది. పసితనంలో కడుపు మాడిన ఒళ్లు దొరికిన మెతుకల్లా దాచుకోవడం నేర్చుకుంటుందని, తరవాత తిండి నిండుగా దొరికితే తట్టుకోలేదని, సన్నగా ఉన్నా షుగరొచ్చే వాళ్లలో ఇలాంటివాళ్లు చాలామందని చెప్పింది. చెబుతూనే దేముడమ్మ చంకలోని మనవరాలి జబ్బకి టేపు చుట్టి చూసి, ఈ పిల్లదీ అదే దారిలా ఉందంది. గంజి చాలదు, గుడ్డూ చేపా పప్పూ ఇప్పుడే పెట్టాలంది. పిల్ల తల్లి, దేముడమ్మ కూతురు బేబీ, లైంగ్‌థార్యార్ కుట్టుఫ్యాక్టరీలో తెచ్చే జీతం బియ్యానికే సరిపోతుంది.

దేముడమ్మకి భయం కన్నా ముందు కడుపుమంట లేచింది. పిల్లని ఎత్తుకుని పడవెక్కి నది దాటి, తిన్నగా తమ్ముడి కొట్టుకి పోయింది. సూరి టీ తాగుతున్నాడు. అక్కకి చక్కెర లేని టీ తెమ్మని పురమాయించాడు. అంతే, ఇన్నేళ్ల కుళ్లూ బయటపడింది.

"నా వాటా కూడా నువ్వే తిన్నావురా సూరీ. తిండి నీకు, రోగం నాకూను."

సూరి కప్పు దించాడు.

"ఇప్పుడేటి చెయ్యమంటావప్పా? కక్కమంటావా?"

"నాకేటొద్దు. ఈ గుంటకి రోజుకో గుడ్డు పంపు."

మర్నాటి నుంచే పడవలో గుడ్లు రావడం మొదలైంది. మొదటి గుడ్డు ఉడకబెట్టి, దేముడమ్మ మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుంది. పెంకు ఒలుస్తుంటే పిల్ల అప్పుడే నోరు తెరిచేసింది. ఎంత దర్జా! తనదే అన్నట్టు! పళ్లన్నా పూర్తిగా రాని గుంట మీద దేముడమ్మకి మళ్లీ కళ్లు కుట్టాయి. ఛీ, నా బుద్ధి మండ, అని తిట్టుకుంది. అయినా ఆ మంట చల్లారలేదు.

గుడ్డు అయిపోయింది. అలవాటుగా వేళ్లు నోటి దాకా తెచ్చుకుని ఆగింది. వాటికంటిన పచ్చసొన కూడా పిల్ల నోట్లోనే పెట్టింది.