జానకమ్మాళ్ తలుపు తట్టని శుక్రవారం

మూసిన తలుపు వెనక మనిషి ఉన్నారని తెలిస్తే జానకమ్మాళ్‌కు కాలు నిలవదు. లోపలినుంచి ఒక గొంతు వినబడాలి. వినబడిందా, కొంగు దోపుకుని తన పని చూసుకుంటుంది. లేదా, వినబడేదాకా తడుతూనే ఉంటుంది. అది తప్ప ఆమెకు ఇంకో జబ్బు లేదు. చక్కెర లేదు, బీపీ లేదు. ఆమెవల్ల వాళ్లకూ వీళ్లకూ వచ్చే బీపీ మాత్రం బోలెడంత.

ఒకసారి బట్టల కొట్టుకు పోయి, చీరలు చూడడం మానేసి, ఆడపిల్లలు బట్టలు వేసుకుని చూసుకునే గదుల వరసంతా తట్టుకుంటూ వచ్చింది. లోపలున్నవాళ్లందరూ సగం సగం బట్టలతో "ఉన్నాం, ఉన్నాం" అని పలికితేగాని కౌంటరు దగ్గరికి రాలేదు. మరోసారి మదురైకి రైల్లో పోతూ కక్కూసు తలుపు తట్టింది. లోపల టికెట్టు లేక దాక్కున్న కుర్రాడు, వచ్చింది టికెట్ల ఆఫీసరనుకుని చేతులు రెండూ పైకెత్తి బయటికొచ్చాడు. ఈమె అతన్ని పైనుంచి కిందికి చూసి, ప్రాణానికి ఢోకా లేదని తేల్చుకుని, మళ్లీ లోపలికి పంపించి తలుపు తనే దగ్గరికి వేసింది.

ఇలాంటి మనిషి ఇంటి ఓనరయితే బాడుగకున్నవాళ్ల గతి ఏమిటో వినోదినిని అడగాలి. మదురై అవతల కంబంలో ద్రాక్షతోటల మధ్య పెరిగిన వినోదిని పెళ్లయ్యాక కోయంబత్తూరులో మొదట దిగిన ఇల్లు జానకమ్మాళ్‌దే. మొగుడు ధనుష్‌కు సూలూరు పక్కన నూలుమిల్లులో పని. వినోదినిది ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగం. కాపురానికొచ్చిన మర్నాడు ఆమె స్నానాలగదిలో మొదటి చెంబు నెత్తిన పోసుకుందో లేదో, తలుపు మీద టకటకమని చప్పుడయింది.

"ఏం కన్నూ, ఉండావా?"

ఇల్లు తగలబడుతోందేమోనని వినోదిని తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. ఎదురుగా జానకమ్మాళ్; కన్నూ అంటే ఆమె భాషలో తల్లీ అని. మనిషిని కళ్లారా చూసుకుని, సరి సరి, పోసుకొమ్మని చెప్పి వెళ్లిపోయింది. ఆ నీళ్లపోత పూర్తయ్యేలోగా ఇంకా రెండుసార్లు వచ్చింది.

ఆ ఇంట్లో పాతవాళ్లకు ఇదంతా అలవాటే. మేడమీద ఉండే కల్యాణసుందరం, రిటైరైన పెద్దమనిషి, ఆమె కింద నిలబడి అరిచే పని లేకుండా లోపలినుంచే సమాచారం అందించేవాడు. ఇప్పుడు సబ్బు రుద్దుతున్నాను, ఇప్పుడు ఎడమకాలు, ఇప్పుడు కుడికాలు అని వీధికంతా తెలిసేది. ధనుష్‌కు పాట రాదు. అందుకని రోజూ తను పోయే బస్సు ఆగే చోట్లన్నీ వరసగా గట్టిగా చదివేవాడు. రామనాథపురం, సింగానల్లూరు, ఒండిపుదూరు అనుకుంటూ సూలూరు చేరేసరికి స్నానం అయిపోయేది. చలికాలంలో ఇంకాస్త వేడినీళ్లు కావాలనిపిస్తే బస్సు సూలూరు దాటి పల్లడం దాకా పోయేది.

వినోదినికి మాత్రం ఇది ఒంటపట్టలేదు. ఇల్లంతటిలోనూ తనకంటూ ఉన్నది ఆ నాలుగు గోడల మధ్య కాసేపు. దానిక్కూడా హాజరు పలకాలా? ఇల్లు ఖాళీ చేద్దామని మొగుణ్ణి పోరింది. తియ్యటి సిరువాణి డ్యాము నీళ్లొచ్చే కొళాయి వదులుకుని ఎవరైనా పోతారా అని ధనుష్ బతిమాలాడు. చివరికి ఆమే ఒక బ్రోకరును పట్టుకుని, వేరే ఇల్లు చూడమంది. ఈ ఇంటికి వేరేవాళ్లను చూసే పని కూడా అతనికే పెట్టింది. ఆ సంగతి ముఖాన చెబితే జానకమ్మాళ్ చిన్నబోయి, తనవల్ల ఏం తొందరవు, ఏం ఇబ్బంది వచ్చిందో చెప్పమని అడిగింది. మీరు తలుపు తట్టడమే అని వినోదిని చెప్పేసింది. జానకమ్మాళ్ కొంగుతో ముఖం తుడుచుకుంది. తరవాత, స్నానాలగదిలో గ్యాసు గీజరుంది కదా కన్నూ, అందుకు, అని మాత్రం అంది.

అంతేనా, దానికి మందుంది అనుకుంది వినోదిని. గీజరు మూసిన గదిలో మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషగాలి పుడుతుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, అది చేరితే కూతపెట్టే అలారం దొరుకుతుందనీ ఫోనులో చదివి తెప్పించింది. అరచేతిలో పట్టే తెల్ల డబ్బా. స్నానాలగది బయట గోడకు తగిలించి, ఇకమీదట మనల్ని కాపలా కాసేది ఇదే, ఇది అరిస్తేనే మీరు రండి అని జానకమ్మాళ్‌కు ఒప్పచెప్పింది.

జానకమ్మాళ్ ఆ డబ్బాను అన్ని పక్కలనుంచీ చూసింది. "వాసనే లేనిదాన్ని ముక్కే లేనిది ఎట్ల కనుక్కొనును?" అంది. కనుక్కుంటుంది అత్తా, దాని పనే అది, అని వినోదిని దాని మీదున్న బొత్తాం నొక్కి చూపించింది. డబ్బా చెవులు చిల్లులు పడేలా కూసింది. బొత్తాం నొక్కితే కూస్తే అది బాగున్నట్టు లెక్క అని వివరించింది. వినోదిని చేసిన తప్పు అదే.

ఎందుకంటే ఆ డబ్బా కూడా ఒక మూసిన తలుపే. లోపల ఉన్నది ఉందో లేదో తెలియాలి కదా. మర్నాటినుంచి ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్లినా జానకమ్మాళ్ వచ్చి బొత్తాం నొక్కేది. అది కూసేది. ఆమెకు నిమ్మళించేది. అయినా నమ్మకం చాలక ఇంకోసారి నొక్కేది. మొదటిరోజు కల్యాణసుందరం ఒళ్లంతా సబ్బునురగతో మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాడు. ఇంకోరోజు వినోదిని ఆఫీసువాళ్లతో వీడియోలో మాట్లాడుతుంటే, ధనుష్ స్నానానికి లేచాడు. ఆ కూత విని బెంగళూరులో ఉన్న మేనేజరు ముందు నువ్వు బయటికి పో, ప్రాణం ముఖ్యం అని లైను కట్ చేశాడు. పాపం, ఆయన చాలాసేపు దేవుణ్ణి ప్రార్థించాడట.

ఆ సాయంత్రం వినోదిని ఓపిక నశించింది. అలారాన్ని గోడనుంచి ఊడబీకి, జానకమ్మాళ్ చేతికి దొరక్కుండా పడకగది బీరువాలో పట్టుచీరల మడతల్లో దాచింది. గాలీవానా కొడుతున్నాయని, ఈమె గొంతు దూరడానికి కూడా అదే దారని, స్నానాలగది గోడకున్న పెద్ద వెంటిలేటరుకు లోపలినుంచి ఫ్లెక్సీ గుడ్డ బిగించింది. ఏనుగు తల పట్టేంత కంత అది. ఎవరు ఎందుకు అంత పెద్దది పెట్టించారో ఆమెకు అర్థం కాలేదు. ఆ తరవాత ఓనరమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"ఇంక మా తలుపు తట్టొద్దత్తా. ఈ నెల అయ్యేదాకా అయినా నిమ్మదిగా ఉండనీండి."

"సరి కన్నూ," అంది జానకమ్మాళ్. "తట్టను."

ఆ తరవాతి శుక్రవారం. శుక్రవారమంటే ఆడవాళ్లు తలంటుకునే రోజు, ఆ ఇళ్లల్లో దీనికి తిరుగులేదు. బయట వాన విడవకుండా పడుతోంది. ధనుష్ మిల్లుకు పోయాడు. వినోదిని నెత్తికి నూనె పట్టించుకుని, శీకాయ కలుపుకుని, తలుపు గడియ వేసుకుని గీజరు తిప్పింది. వేడినీళ్లు ధారగా పడుతున్నాయి. తట్టేవాళ్లు లేరు, పిలిచేవాళ్లు లేరు. ఇన్నాళ్లకు దొరికిన సుఖం కదా అని తాపీగా పోసుకుంటూ కూర్చుంది.

కాసేపటికి తల దిమ్ముగా అనిపించింది. నూనె పడలేదేమో అనుకుంది. కాళ్లు దూదిలా తేలిపోతుంటే వేడినీళ్ల హాయి అనుకుంది. ఇంతసేపయినా ఒక్కసారి కూడా తలుపు చప్పుడు కాలేదే అన్న ఆలోచన వచ్చి, ఎందుకో మనసు కుదురుగా లేక, ఆ ఆలోచన ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియక గోడకానుకుంది.

బయట జరిగింది తరవాత మేడమీదినుంచి చూసిన కల్యాణసుందరం చెప్పాడు. జానకమ్మాళ్ వానలో తడుస్తూ పెరడంతా తిరిగిందట. తలుపు దగ్గరికి పోయి చెయ్యెత్తి, మళ్లీ దించిందట. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చిందట. దూరంగా పోయి కూర్చుని, కూర్చోలేక లేచిందట. మాట ఇచ్చింది, తట్టకూడదు. పిలిచినా తట్టినట్టే లెక్క. ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూస్తే, గోడ పక్కన గీజరుకు గ్యాసు పోయే సిలిండరు కనబడింది. వెళ్లి దాని వాల్వు తిప్పి మూసేసిందట.

లోపల వినోదిని నెత్తిమీద సిరువాణి నీళ్లు, అవీ వానకాలపువి, చల్లగా వచ్చి పడ్డాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చినంత కోపం వచ్చింది. ఇది ఎవరి పనో తెలియదా? కడిగిపారేద్దామని చేతికందిన నైటీ తగిలించుకుని, తూలుతూ, శీకాయ కళ్లలో పడుతుండగా గడియ తీసి బయటికొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచింది గాని తిట్టు రాలేదు. గడప అవతలే కూలబడింది.

జానకమ్మాళ్ ఆమెను రెక్కపట్టి వానగాలిలోకి ఈడ్చుకుపోయి బట్టలుతికే రాయి మీద కూర్చోబెట్టింది. "నేను తట్టలే కన్నూ, ఒట్టు," అంటోంది. "గ్యాసు మూసితి, అంతే." వినోదిని గుండెనిండా గాలి పీల్చి, వాంతి చేసుకుని, మళ్లీ గాలి పీల్చింది. కాస్త తెలివి వచ్చాక బీరువాలో డబ్బా ఉందని చెప్పింది. జానకమ్మాళ్ పరుగెత్తి పట్టుచీరల్లోంచి దాన్ని లాగి తెచ్చి స్నానాలగది గడప మీద పెట్టింది. అది కాసేపు ఊరుకుని, ఆమె ఏ బొత్తామూ నొక్కకుండానే, తనంతట తను కూయడం మొదలుపెట్టింది. జానకమ్మాళ్ దానికేసి కోపంగా చూసి, ఇప్పుడా నీకు తెల్లారింది అని గదమాయించింది.

కల్యాణసుందరం ఆటో పిలిచాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకాసేపు లోపలే ఉంటే కష్టమయ్యేదని డాక్టరు ధనుష్‌కు చెబుతుంటే వినోదిని వింది. ఆమెకు భయం వేసింది, భయంకన్నా ఎక్కువ సిగ్గు వేసింది. మంచం పక్కన స్టూలు మీద తడిచీరతోనే కూర్చున్న జానకమ్మాళ్‌ను, అసలు ఈ తట్టడం ఎప్పటినుంచి అని అడిగింది.

అప్పుడు బయటపడింది. చాలా ఏళ్లకిందట, ఇప్పుడు వినోదిని ఉంటున్న వాటాలోనే ఆండిపట్టి నుంచి వచ్చిన జెబమలర్ అనే నర్సు పిల్ల ఉండేదట. ఒకరోజు కొళాయి ఆగకుండా పారుతుంటే, సిరువాణి నీళ్లు కాలవలో పోస్తున్నావా అని తిట్టడానికి జానకమ్మాళ్ తలుపు తట్టింది. ఉన్న తిట్లన్నీ అయిపోయినా లోపలినుంచి జవాబు లేదు. తలుపు పగలగొట్టి, గీజరు విషగాలికి స్పృహ తప్పిన పిల్లను బయటికి తెచ్చారు. బతికింది. ఇప్పుడు మదురైలో ఇద్దరు బిడ్డల తల్లి, ప్రతి క్రిస్మసుకూ కేకు పంపుతుంది. ఆ మర్నాడే జానకమ్మాళ్ కొత్తనార్ను, అదే తాపీమేస్త్రీని, పిలిచి గోడకు ఏనుగంత కంత కొట్టించింది. ఆనాటినుంచే కాలు నిలవని జబ్బు పట్టుకుంది.

"ఈ మాట ముందే చెప్పకూడదా అత్తా?" అంది వినోదిని. "పిచ్చిదనుకొని నేను ఎన్నెన్ని అంటిని."

"చెప్తే ఏమాయను? బయపడి బయపడి నీళ్లు పోసుకొందురు. తలమింద నీళ్లు పడేటప్పుడు మనిషికి బయం ఉండకూడదు కన్నూ. ముసల్దానికి పిచ్చి అని నవ్వుకొంటా పోసుకొంటే నాకేం తక్కువ?"

వినోదినికి ఏడుపొచ్చింది. కాని ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఏడిస్తే ఎలా ఉంటుందో ఎదురుగా అద్దంలో కనబడి నవ్వొచ్చింది.

మర్నాడే గీజరు గోడ అవతలికి మారింది. ఫ్లెక్సీ గుడ్డ చెత్తబండిలోకి పోయింది. ఆదివారం బ్రోకరు, చెప్పిన మాట తప్పకుండా, ఇల్లు చూడడానికి ఒక కొత్త జంటను వెంటబెట్టుకొచ్చాడు. వినోదిని గుమ్మంలోనే నిలబడి, ఇల్లు ఖాళీ లేదంది. మరి ఓనరమ్మతో పడడం లేదన్నారే అని బ్రోకరు తల గోక్కున్నాడు. పడకపోవడమేమిటి, మా అత్త, అని వినోదిని అతనికి కాఫీ ఇచ్చింది.

వచ్చిన భార్యకు మాత్రం ఇల్లు తెగ నచ్చింది. ఎప్పటికైనా ఖాళీ అవుతుందేమో, ఒకసారి చూసిపోతానంటూ గదులన్నీ తిరిగి, స్నానాలగదిలోకి పోయి, గడియ గట్టిగా పడుతుందో లేదో చూద్దామని తలుపు వేసుకుంది.

కాఫీ తాగుతున్న జానకమ్మాళ్ గ్లాసు కింద పెట్టి లేచింది. వినోదిని పక్కకు జరిగి ఆమెకు దారిచ్చింది.