నాలుగు చేతుల బొంత

నా చిన్నతనంలో ఒక వర్షాకాలమంతా మా అమ్మా, పిన్నీ మాట్లాడుకోలేదు... అరవైల మొదట్లో, బందరులో. ఇద్దరూ తోడికోడళ్లు. ఒకే వంటిల్లు, ఒకే బావి. మాటలు మాత్రం నా మీదుగా వెళ్లేవి.

"అమ్మడూ, పప్పులో ఉప్పు వేశానని మీ పిన్నితో చెప్పు."

"విన్నానని మీ అమ్మతో చెప్పు."

కాన్వెంటులో సిస్టర్లు పేరు పిలిస్తేనే తల దించుకునే పిల్లని నేను. పుస్తకం దొరికితే చాలు, ఎవరితోనూ పని లేదు. అలాంటి నేను ఇంట్లో ఇద్దరి మాటలూ మోసేదాన్ని. "దీన్ని పోస్టాఫీసులో కూర్చోబెట్టండే, జీతమైనా వస్తుంది" అనేది నాయనమ్మ.

తగువు ఎంతదని... పిన్ని పుట్టింటి నుంచి తెచ్చుకున్న చేతి కుట్టుమిషను చప్పుడుకి తలనొప్పి వస్తోందని అమ్మ అంది. పిన్ని ఆ సాయంత్రమే మిషనుకి మూత పెట్టేసింది. మళ్లీ తియ్యలేదు.

పిన్నికి ఏడో నెల వచ్చింది. పురిటికి తీసుకెళ్లడానికి కోడూరు నుంచి వాళ్ల అన్నయ్య మర్నాడు వస్తారని కబురొచ్చింది. నాకు దిగులు పట్టుకుంది. మాటల్లేకుండానే వెళ్లిపోతుందా... మళ్లీ ఎప్పటికొస్తుందో. నాకు కథలు చదివి వినిపించేది పిన్నే.

ఆ మధ్యాహ్నం అమ్మ ఒక బుల్లి బొంత బయటికి తీసింది. చీరలు మడతలు వేసి, మధ్యంతా చేత్తో కుట్టేసింది. అంచులే మిగిలాయి. అక్కడ మడతలన్నీ కలిసి దళసరి... చేతిసూది దిగడం లేదు.

"మిషను వాడుకోవచ్చా అని మీ పిన్నిని అడుగు."

"వాడుకోమను."

చేతి మిషను సంగతి మీకు తెలుసుగా... కుడిచెయ్యి పిడి తిప్పుతుంటే, ఎడమచెయ్యి ఒక్కటే గుడ్డని నడపాలి. రవికగుడ్డకైతే సరిపోతుంది. బొంతకి రెండు చేతులూ కావాలి. నేను తిప్పబోయాను. పిడి కదలనే లేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న పిన్ని అంది, "అలా గుంజితే సూది విరుగుతుందని మీ అమ్మతో చెప్పు."

"విరిగితే కొనిస్తానని మీ పిన్నితో చెప్పు."

ఇద్దరూ నావైపు చూశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి... ఈసారి ఎవరి మాటా మొయ్యకుండా పిడి వదిలేసి పక్కకి జరిగాను.

పిన్ని వచ్చి, నడుం పట్టుకుని మెల్లగా చాప మీద కూర్చుంది. పిడి అందుకుంది. అమ్మ రెండు చేతులతో బొంతని నడిపింది. టక... టక...

"ఆగాగు సుశీలా! నా వేలు!"

"అయ్యో అక్కయ్యా, దిగిందా?"

"లేదులే... హడలిపోయానంతే."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

అప్పుడు పిన్ని బొంతని తడిమి చూసింది. "అక్కయ్యా, ఈ పై చీర... మొన్న ఉగాదికి కొన్న పెడన చీర కాదూ? అప్పుడే చింపేశారా!"

పుట్టబోయే బిడ్డ కోసం ముందుగా కొత్తగుడ్డ తియ్యరు మా వైపు. పాతవే పరుస్తారు.

"పాతదే. రోజూ ఉతికాను, పాతదైపోయింది" అంది అమ్మ తలెత్తకుండా.

ఆ వానల్లో అమ్మ ఆ ఒక్క చీరనీ రోజూ ఎందుకు ఉతికి ఆరేసేదో అప్పుడు తెలిసింది నాకు. పిన్నికీ తెలిసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "తిప్పనా అక్కయ్యా?" అంది.

మర్నాడు బొంత పిన్నితో కోడూరు వెళ్లింది. మిషనుని మాత్రం పిన్ని అమ్మకి వదిలి వెళ్లింది. "నేనొచ్చేదాకా మూత పెట్టకండి" అంది బస్సెక్కుతూ... అమ్మతోనే, నాతో కాదు.

ఇప్పుడు మా ఇంట్లో మోటారు మిషను. కాలితో నొక్కితే ఎంత దళసరి గుడ్డైనా సాఫీగా సాగిపోతుంది. ఎవర్నీ పిలవక్కర్లేదు... మంచిదే. కానీ రెండో మనిషి లేనిదే సాగని ఆ పాత మిషనుకి నేను ఋణపడి ఉన్నాను.

మీ ఇళ్లలో పక్కన కూర్చుని పిడి తిప్పినవాళ్లు ఎవరండీ? వాళ్ల పేరు ఒక్కసారి ఇక్కడ రాయరూ...