పీపీ నంబర్

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ఓనరు ద్రాక్షతోట అమ్మి మూడు పోర్షన్ల ఇల్లు కట్టాడు, టెలిఫోన్ పెట్టించుకున్నాడు. ఆ ఫోన్ మీద ఉన్న భక్తి ఆయనకు ఏ దేవుడి మీదా లేదు. దానికి అల్లిన గుడ్డ కప్పి, డయల్‌కు చిన్న తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. కాలనీలో సగం మంది ఉత్తరాల్లో ఆయన నంబరే రాసి పక్కన 'పీపీ' అని పెట్టేవాళ్ళు. అంటే ఫోన్ పక్కింటిది, మమ్మల్ని పిలవమనండి అని. పిలవడానికి లేవాల్సి వస్తే చాలు, ఆయన మొహం ఆముదం తాగినట్టుండేది.

మా పక్క పోర్షన్‌ ఆమెది నల్గొండ దగ్గరి పల్లె. అందుకని అందరికీ ఆమె 'నల్గొండామె'. భర్త దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్. ఆ వానాకాలం కంపెనీ అతన్ని ఇరాన్ ఓడరేవుకు పని మీద పంపింది, అటు యుద్ధం నడుస్తున్నా సరే. ఆదివారం విమానంలో తిరిగి దుబాయ్ చేరతానని ఉత్తరం రాశాడు.

సోమవారం పేపర్లో వచ్చింది. ఇరాన్ నుంచి దుబాయ్ పోతున్న ప్రయాణికుల విమానాన్ని అమెరికా యుద్ధనౌక కూల్చేసింది. యుద్ధవిమానం అనుకున్నారట. ఎవరూ మిగల్లేదు.

ఆమె వచ్చి ఓనరు గడప దగ్గర కూర్చుంది.

"ఫోనొచ్చిందా పటేలా?"

"రాలె బిడ్డా. ఒస్తే చెప్పనా?" అని, అక్కడితో ఊరుకోకుండా అందుకున్నాడు. "గంత పెద్ద దేశం కావాలని చేస్తదా? పొరపాటైంటది."

సరూర్‌నగర్ చెరువు తప్ప నీళ్ళు చూడని మనిషి రాడార్ల గురించి చెబుతుంటే, ఎల్బీనగర్ నుంచి వచ్చిన ప్లాట్ల బ్రోకర్లు చాయ్ తాగుతూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది.

ఆమె మెతుకు ముట్టలేదు. మంగళవారం మాత్రం లేచి, భర్తను పంపిన ఏజెంటును అడగడానికి మలక్‌పేట వెళ్ళింది. తనకేం తెలియదన్నాడట. తిరిగొచ్చి పుస్తెలు గుప్పిట్లో పట్టుకుని మళ్ళీ ఆ గడప దగ్గరే కూర్చుంది.

గురువారం పొద్దున ఫోన్ మోగింది. ఓనరు స్నానానికి వెళ్ళాడు, ఆమె కుళాయి దగ్గర ఉంది. వాళ్ళ వరండాలో ఉన్న నేనే ఎత్తాను. అవతల ఓ మగగొంతు ఏదో ఆడపేరు చెప్పి, ఆమెను పిలవమంది. రాంగ్ నంబర్ అనబోయి, దుబాయ్ అన్న మాట విని ఆమెను కేకేశాను.

భర్తే. పని తెమలక ఆ విమానం ఎక్కలేదట. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఉన్నట్టుండి ఆమె ఏడుపు ఆపి, "మంగళారం చేసినవా? ఎవరెత్తిన్రు?" అని అడిగింది.

ఓనరు తువ్వాలుతో వచ్చేసరికి సంగతి బయటపడింది. మంగళవారం ఫోన్లో ఆమె పేరే అడిగితే, అలాంటివాళ్ళు ఇక్కడ లేరు, రాంగ్ నంబర్ అని పెట్టేశాడు. మళ్ళీ లైను దొరకడానికి అతనికి రెండు రోజులు పట్టింది. రెండేళ్ళుగా ఆమె చేతి నుంచే కిరాయి అందుకుంటున్న మనిషి ఈ ఘనకార్యం చేశాడు.

"నీ పేరు నాకేమెరుక బిడ్డా? పొరపాటైంది."

"గా ఓడోళ్లు గూడ గదే అన్నరు పటేలా," అంది ఆమె. "లోపల ఎవరున్నరో వాళ్లకు గూడ ఎరుకలేదు."

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి నాకు భలే సంతోషమైంది.

ఆమె నా వైపు తిరిగింది. "నీకన్న ఎరుకనా అక్కా, నా పేరు?"

ఆ పొద్దున ఫోన్లో వినేదాకా నాకూ తెలియదు. నేను ఫోన్ మీద గుడ్డ సర్దసాగాను.