గురువుగారు దారిలో ఉన్నారండి

మొన్న కోర్టులో నా జూనియర్ అమ్మాయి లేచి, "మా మేడమ్ దారిలో ఉన్నారండి, కాసేపు పాస్ ఓవర్ ఇప్పించండి" అంటుండగా నేను గుమ్మంలోనే ఉన్నాను. అబద్ధం కాదు. అయినా ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్లు మండింది. ఇంకెప్పుడూ నా తరఫున అలా చెప్పొద్దని కసిరితే, పాపం, పిల్ల తెల్లబోయింది.

తొంభైల చివర్లో రాజమండ్రిలో నేనూ జూనియర్‌నే. మా సీనియర్ కార్మికుల కేసులకు పేరుమోసిన లాయరు. గురువుగారూ అనే పిలిచేదాన్ని. ఇంటి ముందు గదే ఆఫీసు. పొద్దున్నే పెసరట్టు తింటూ సెక్షన్లు చెప్పేవారు. అల్లప్పచ్చడి ఘాటుకు ఆయన కళ్లు చెమరిస్తే, తమ మీద జాలి అనుకుని క్లయింట్లు కరిగిపోయేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. జూనియర్‌గా నా పనల్లా ఒక్కటే: కేసు పిలవగానే లేచి, సీనియర్ గారు దారిలో ఉన్నారండి, కాస్త ఆగి మళ్లీ పిలిపించండి అని పాస్ ఓవర్ అడగడం. ఆయన పెసరట్టు ముందే ఉన్నా దారిలో ఉన్నట్టే లెక్క. ఆ సంగతి జడ్జీలకూ తెలుసు.

మండపేటలో ఒక రైసుమిల్లు యజమాని, యూనియన్ పెట్టారన్న కోపంతో కూలీలందరినీ గేటు బయటికి నెట్టేశాడు. ఆ కేసు మాది. లేబర్ కోర్టు జడ్జిగారు మా ఊరికి క్యాంపు వచ్చినప్పుడే వాదనలు. వాళ్లు మళ్లీ పనిలోకి వెళ్తారో లేదో తేలేది ఆ వాదనల మీదే. "నువ్వు ముందు పద అమ్మాయ్, పాస్ ఓవర్ అడుగు. తీర్పుల పుస్తకాలు నేను కార్లో తెస్తా" అన్నారు గురువుగారు.

అడిగాను. జడ్జిగారు తలూపారు. రెండోసారి పిలిస్తే మళ్లీ అడిగాను. వెనక బెంచీ మీంచి కూలీల మేస్త్రి మెల్లిగా వంగి, "గురువుగారొచ్చేత్తారు కదండీ, లాయరమ్మగారూ?" అన్నాడు. దారిలో ఉన్నారన్నాను. నమ్మే అన్నాను. మూడోసారి మాత్రం జడ్జిగారు కళ్లజోడు తీసి, "నేను సాయంత్రం రైలుకి వెళ్లాలమ్మా. మీరే చెప్పండి" అన్నారు. పుస్తకం ఒక్కటీ లేకుండా, గుర్తున్నదల్లా చెప్పాను. అవతలి ప్లీడరు తాపీగా లేచి, నేను చెప్పినదాన్ని ముక్కముక్కలు చేశాడు. కొన్నాళ్లకు తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది.

వాదనలైన మర్నాడే మేస్త్రి వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు. "నిన్న మేం తిరిగెళ్లేసరికి గురువుగారి కారు మా మిల్లు షావుకారింటికాడుందండి. లోపల బోజనం చేత్తన్నారండి" అన్నాడు. నా వంక చూసిన ఆ చూపులో, నువ్వూ ఎరుగుదువా అన్న అనుమానం ఉంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా గురుభక్తి.

గురువుగార్నే అడిగాను. ఆయన కాదనలేదు, తడబడలేదు. "కూలీలు ఇవాళుంటారు, రేపుండరు. మిల్లర్లు ఎప్పుడూ ఉంటారమ్మాయ్. నీకూ వయసొస్తే తెలుస్తుంది" అంటూ పెసరట్టు తుంపుకున్నారు. ఆ పూటే నల్లకోటు చేతిమీద వేసుకుని వచ్చేశాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన చెప్పిన వయసు నాకూ వచ్చింది, తెలుస్తుందన్నది మాత్రం తెలియలేదు. ఇప్పటికీ కేసు పిలిచినప్పుడల్లా ఒక్క క్షణం గుమ్మం వైపు చూస్తాను. ఇన్నేళ్లయినా నాకు మాత్రం ఆయన ఇంకా దారిలోనే ఉన్నారు.